నేను లేని మూడు వారాలు

మాణిక్యమ్మను ఎవరు ఏది అడిగినా తిన్నగా జవాబు చెప్పదు. "ముందు కుంపటి ముట్టియ్యి" అంటుంది. పటాన్‌చెరు దగ్గర, జపాన్ ఇంజనీర్లు దిగే గెస్ట్‌హౌస్‌లో పద్దెనిమిదేళ్ళు వంట చేసి, వాళ్ళ తీరున పెద్దకూర, అంటే గొడ్డుమాంసం, నానబెట్టి కాల్చడం నేర్చుకున్న మనిషి. ఏళ్ళుగా ఇంటి వరండాలో ఆ పనే ఆడవాళ్ళకు నేర్పుతోంది. ఇప్పుడు మోకాళ్ళు మొరాయించి గెస్ట్‌హౌస్ పని మానేస్తోంది. తన చోటికి ఎవరిని పంపుతుందో సోమవారం గెస్ట్‌హౌస్‌కు చెప్పాలి.

ఆ చోటు తనదేనని రాహేలు ఆరేళ్ళుగా అనుకుంటోంది. ఇంతలో అత్తగారి తుంటి ఎముక విరిగింది. కొడుకులు ముగ్గురున్నా మంచం పక్కన కూర్చోవలసింది కోడలే కాబట్టి, రాహేలు మూడు వారాలు అత్తగారి ఊళ్ళో ఉండిపోయింది. తిరిగొచ్చి చూస్తే మాణిక్యమ్మ పొడుగాటి పట్టకారు నగీనా చేతిలో ఉంది. నగీనా వచ్చి నిండా రెండు నెలలు కాలేదు.

అసూయ ఆడవాళ్ళతో పుట్టిందని రాసే పెద్దమనుషులకు మన పత్రికల్లో కొదవ లేదు. ఒక్క కుర్చీ వేసి ఇద్దరిని నిలబెట్టేది ఎవరో మాత్రం వాళ్ళు రాయరు. అయినా రాహేలుది నిజంగా అసూయే. నగీనా గాజుల చప్పుడు విన్నా ఆమెకు పళ్ళు బిగుసుకునేవి. శనివారం పొద్దున అడిగేసింది.

"నేను లేని మూడు వారాల్ల దానికేం నేర్పిన్రమ్మా? నాకు ఆరేండ్లల్ల నేర్పనిది?"

"కుంపట్లు ముట్టియ్యి. రెండు" అంది మాణిక్యమ్మ.

మాంసం ఒకటే. పోగులకు అడ్డంగా, పల్చగా కోసింది. సోయా సాసు, చక్కెర, తురిమిన అల్లం, ఉల్లిగడ్డ, బేరిపండు, కాస్త నువ్వుల నూనె. ఒకే గిన్నెలో గంటసేపు నానింది. రాహేలు మాత్రం తన వాటా ముక్కలను మళ్ళీ ఒకసారి సాసులో అద్దింది, ఎవరూ చూడలేదనుకుని. మాణిక్యమ్మ పట్టకారు తీసి రాహేలు చేతికే ఇచ్చింది. నగీనాకు వంటింట్లో రొట్టెలు తిప్పే చిమటా దొరికింది. మాణిక్యమ్మ పీట మీద కూర్చుని చిక్కుడుకాయలు గిల్లడం మొదలుపెట్టింది.

ఇనుప జాలీల మీద ముక్కలు పడ్డాయి. చక్కెర పట్టిన మాంసం కదా, మాడడానికి ఎంతోసేపు పట్టదు. నగీనా తల వంచి, చెవి కుంపటి వైపు పెట్టింది. సర్రుమనే చప్పుడు కాస్త సన్నబడగానే తిప్పేసింది. రాహేలు నడుము నిటారుగా పెట్టుకుని, పట్టకారు సిద్ధంగా పట్టుకుని, మాణిక్యమ్మ నోటి వైపు చూస్తూ నిలబడింది. ఆ నోరు తెరుచుకోలేదు. చిక్కుడుకాయ ఒకటి విరిగింది. ఇంకొకటి విరిగింది. పొగ లేచింది.

"అయ్యో, తిప్పమని చెప్పకపోతిరి!" అంది రాహేలు. జాలీ మీద ముక్కలు బొగ్గుల్లో కలిసిపోయే రంగులో ఉన్నాయి.

"దానికి చెప్పిన్నా?"

"ఇయ్యాల చెప్పలే. ఆ మూడు వారాలు చెప్పే ఉంటరు గద!"

నగీనా బిత్తరపోయింది. "ఎట్ల చెప్తదక్కా? అప్పుడు అమ్మకు గొంతు పోయింది గద. డాక్టరు నోరే తెరవొద్దన్నడు. నేను ఎన్ని ముక్కలు మాడగొట్టిన్నో! అవన్నీ వీధి కుక్కలే తిన్నయి."

రాహేలు ఆరేళ్ళు ఈ వరండాలో "తిప్పు" అంటే తిప్పింది, "తియ్యి" అంటే తీసింది. ఇంట్లో "వడ్డించు" అంటే వడ్డించింది, "ఊరికి పో" అంటే పోయింది. చెప్పిన మాట వినే పిల్ల అని ఆమెకు రెండు చోట్లా మంచి పేరే ఉంది. ఆ మంచి పేరు జాలీకి అంటుకుని పొగలు కక్కుతోంది.

ఆమె పట్టకారు తుడిచి మాణిక్యమ్మ ముందు పెట్టింది. "దానికే ఇయ్యండి" అంది. గొంతులో ఇంకా విషం ఉంది.

మాణిక్యమ్మ దాన్ని ముట్టుకోలేదు. గిన్నెలో ఇంకా నాలుగు ముక్కలు మిగిలాయి. "సోమవారానికి ఇంకా రెండు దినాలున్నయి" అని మోకాళ్ళు పట్టుకుని లేచింది. "ఇగో, అవి వెయ్యి. ఈసారి మళ్ళ అద్దకు, నేను చూసిన. నగీనా, నువ్వు నాతోని రా."

ఇద్దరూ పెరట్లోకి వెళ్ళారు. రాహేలు జాలీ గీకి, ముక్కలు వేసింది. సర్రుమన్నాయి. గోడ అవతల నగీనా ఏదో అంది, మాణిక్యమ్మ పకపకా నవ్వింది. ఆరేళ్ళలో తన మాటకు ఆమె అట్లా నవ్విన గుర్తు లేదు. రాహేలు మెడ దానంతటదే తలుపు వైపు తిరిగింది.

"మేం ఏం మాట్లాడుకుంటున్నమో తర్వాత చెప్తలే బిడ్డా" అంది పెరట్లోంచి మాణిక్యమ్మ, ఎదురుగా ఉండి చూస్తున్నట్టే. "ముందుగాల ఆ ముక్క ఏమంటున్నదో విను."