కొండసాని తెప్పించిన గింజల నూనె

గజకూటమని కొండల మధ్య ఒక రాజ్యం ఉండేది. చక్రవర్తికి కప్పం కట్టే చిన్న సామంత రాజ్యమే. అయినా దాన్నేలే ప్రచండవర్మకు తన మాట చక్రవర్తి మాటకంటే ఒక మెట్టు పైన ఉండాలని మహా పట్టుదల. అక్కడ ఒక చట్టం పుడితే ఇక్కడ దానిమీద మరో చట్టం పుట్టవలసిందే. పొద్దున చేసింది నచ్చకపోతే సాయంత్రానికి మార్చేవాడు. చాటింపు వేసేవాళ్ల గొంతులు ఏడాది పొడుగునా బొంగురుగానే ఉండేవి.

ఆ కాలంలో కొండలకు అవతల పావురాల అంగడి అని ఒకటుండేది. దాన్ని చూసినవాళ్లు లేరు. కావలసిన సరుకు పేరు చీటీ మీద రాసి, పావురం కాలికి కట్టి వదిలితే చాలు, కొన్నాళ్లకు ఎడ్లబండి మీద సరుకు సుంకం చావడికి వచ్చి చేరేది. గజకూటంలో దొరకనివన్నీ జనం అలాగే తెప్పించుకునేవారు.

గంజాయి మొక్క విషయంలో చక్రవర్తి చట్టం తేటగానే ఉండేది. మత్తెక్కించే ఆకూ పువ్వూ ఎవరూ కొనకూడదు, అమ్మకూడదు. మత్తులేని నార, గింజలు, గింజల నూనె ఎవరైనా కొనుక్కోవచ్చు. అయితే ఏ సామంతుడైనా తన రాజ్యంలో ఇంతకంటే గట్టి చట్టం చేసుకోవచ్చునని కూడా అందులో ఉంది. ప్రచండవర్మకు ఆ ఒక్క ముక్క చాలు.

ఊళ్లో కొండసాని అనే మంత్రసాని ఉండేది. కోటలో, పేటలో సగంమందిని ఈ లోకంలోకి తెచ్చిన చేతులు ఆమెవి. వయసు మీదపడి వేళ్ల కణుపులు వాచిపోతే, గింజల నూనె రాసుకున్నప్పుడు ఆమెకు కాస్త హాయిగా ఉండేది. అందుకని ఎప్పటిలాగే ఒక కుండ నూనెకు పావురాన్ని పంపింది.

బండి ఇంకా దారిలో ఉండగానే రాజుగారు కొత్త చట్టం చేశారు. ఆకైనా, పువ్వైనా, గింజైనా, నూనైనా, నారైనా సరే, ఆ మొక్కనుంచి పుట్టిన దేన్ని చేత పట్టుకున్నా ఆ చెయ్యి నరికేస్తారు. ఎక్కడో కాన్పు చేస్తున్న కొండసానికి ఆ చాటింపు వినపడలేదు. తీరా చావడిలో కుండ అందుకోగానే భటులు పట్టుకున్నారు.

మర్నాడు ఆమెను సభలో నిలబెట్టారు.

"పావురాన్ని పంపిన నాడు ఇది తప్పు కాదు కదా ప్రభూ!" అంది కొండసాని.

ప్రచండవర్మ మీసం సవరించుకున్నాడు. "పంపిన నాటితో మాకేం పని? చేతికి అందిన నాటి చట్టమే చట్టం. ఏమంటారు పండితా?"

ధర్మాధికారి విశ్వంభర పండితుడు రాజుగారు ఏమంటే అదే అనడంలో దిట్ట. "చేతికి అందిన క్షణమే ప్రమాణం మహాప్రభూ" అన్నాడు.

కొండసాని తన చేతులకేసి చూసుకుంది. సభలో ఎవరూ తలెత్తలేదు. ఆ సభలో చాలామంది ఆ చేతుల్లోనే పుట్టారు.

అప్పుడు లేచాడు గురవన. ఆస్థానంలో ఆయనకు పదవంటూ ఏమీ లేదు. రాజుగారికి విసుగు పుట్టినప్పుడు కబుర్లు చెప్పడం, విసుగు పుట్టించినప్పుడు తిట్లు తినడం ఆయన పని.

"ప్రభూ, ఒక చిన్న సందేహం. ఈ నియమం నూనెకుండకేనా, అన్నిటికీనా?"

"అన్నిటికీ!" అన్నాడు రాజు, సింహాసనం మీద ఇంకాస్త నిటారుగా కూర్చుంటూ. "వస్తువు కానీ, ఆజ్ఞ కానీ, ఎవరు పంపినా, ఎప్పుడు పంపినా, చేతికి అందిన క్షణాన ఏ చట్టం ఉందో అదే వర్తిస్తుంది. ఇది మా శాసనం. చాటింపు వేయించండి!"

తరవాత శిక్ష ప్రకటించాడు. ఆ సాయంత్రం చక్రవర్తి దూత కోటకు వస్తున్నాడు. కోట గుమ్మం మీద కొత్త జెండా ఎగరేశాక, దూత కళ్లెదుటే కొండసాని కుడిచెయ్యి నరకాలి. గజకూటపు చట్టం ఎంత కఠినమైనదో చక్రవర్తికి తెలియాలి.

భటులు ఆమెను తీసుకుపోతుంటే గురవన పక్కన నడిచాడు. "అవ్వా, ధైర్యంగా ఉండు."

"ధైర్యం సంగతి కాదు నాయనా. మేదరిపేటలో ఒక పిల్లకు నెలలు నిండాయి. బిడ్డ అడ్డం తిరిగి ఉంది. ఒంటి చేత్తో ఎలా తిప్పను?"

గురవన వెనక్కి తిరిగాడు. తిన్నగా సుంకం చావడికి వెళ్లాడు. కుండ వచ్చిన బండిని ఒకసారి చూద్దామనుకున్నాడే కానీ ఏం చేయాలో ఆయనకింకా తోచలేదు.

చావడి మూల ఒక పెద్ద మూట ఉంది. దానికి రాజముద్ర వేసి ఉంది.

"ఇదేమిటి?" అని అడిగాడు.

"రాజుగారు పావురాల అంగడి నుంచి తెప్పించుకున్న జెండా, దాని తాడూనండి" అన్నాడు సుంకరి. "వారే స్వయంగా అందుకుంటామన్నారు. మేం ముట్టుకోలేదు."

గురవన మూట అంచు పైకెత్తి చూశాడు. తాడును వేళ్ల మధ్య నలిపి వాసన చూశాడు. చప్పున చెయ్యి వెనక్కి తీసుకుని, ఎవరూ చూడలేదు కదా అని అటూ ఇటూ చూసి, అంతఃపురం వైపు పరుగెత్తాడు.

రాజుగారు అప్పుడే నగలు పెట్టుకుంటున్నారు. "ఏమిట్రా ఆ రొప్పు?"

"జెండా వచ్చింది ప్రభూ. దాని బట్టా తాడూ రెండూ గంజాయి నారతో నేసినవే."

రాజు చేతిలోని కంఠహారం అక్కడే ఆగిపోయింది.

"మేము తెప్పించిన నాడు నిషేధం లేదే!"

"లేదు ప్రభూ. కానీ తమ చేతికి అందేది ఇవాళ."

రాజు ముఖం ఎర్రబడింది. "మా చట్టం మాకే వర్తిస్తుందా?"

"వర్తించదని చాటింపు వేయించమంటే వేయిస్తాను. దూతగారు వింటారు. సామంతుడు తన చట్టానికి తానే లోబడడని చక్రవర్తిగారికి చెబుతారు. అంతే."

"జెండా వద్దు. తీసి పారెయ్యండి!"

"అలాగే ప్రభూ. జెండా లేని కోట గుమ్మంలో దూతగారికి స్వాగతం చెబుదాం."

ప్రచండవర్మ గదిలో ఈ చివరనుంచి ఆ చివరకు నడిచాడు. బయట దూతగారి గుర్రాల గిట్టల చప్పుడు వినబడుతోంది. చివరికి పళ్లు బిగించి, "నారకు మినహాయింపు ఇస్తున్నాం" అన్నాడు.

"చిత్తం. కానీ వానకు కుళ్లకుండా ఆ తాడుకు గింజల నూనె పట్టించారు ప్రభూ. తాడు పట్టుకుంటే నూనె అంటుతుంది."

"అయితే గింజలకూ నూనెకూ కూడా! ఆకూ పువ్వూ మాత్రమే నిషిద్ధం. సరేనా?" అంటూనే రాజు కళ్లు చిట్లించాడు. "గురవనా, ముసలిదాని కోసం ఎత్తు వేస్తున్నావేమో, జాగ్రత్త! ఆమె నేరం పాత చట్టంలో జరిగింది. ఈ మార్పు ఆమెకు వర్తించదు. మళ్లీ ఆమె ఊసెత్తావో, ఆమెకోసం ఎత్తే గొడ్డలి కింద నీ తల ఉంటుంది."

"నేను ఆమె పేరే ఎత్తలేదు కదా ప్రభూ" అంటూ గురవన వంగి దండం పెట్టాడు.

సాయంత్రం కోట గుమ్మం ముందు ఊరంతా చేరింది. డప్పు మోగింది. కొత్త చట్టం విని జనం ముఖముఖాలు చూసుకున్నారు. ప్రచండవర్మ జెండా తాడును స్వయంగా అందుకుని లాగాడు. దూత తల పంకించాడు.

తరవాత కొండసానిని తెచ్చి మొద్దు ముందు కూర్చోబెట్టారు. ఆమె చెయ్యి మొద్దు మీద ఉంచింది. శిక్ష అమలు చేయవలసిన తలారి ఓబడు గొడ్డలి ఎత్తలేక నిలబడిపోయాడు. వాడూ ఆ చేతుల్లో పుట్టినవాడే.

"కానివ్వు!" అన్నాడు రాజు.

ఓబడు గొడ్డలి ఎత్తాడు.

"ఆగు!" గురవన మొద్దుకు అడ్డంగా వచ్చి నిలబడ్డాడు.

"ఏం చెప్పాను నీకు?" రాజు గొంతు గుమ్మంలో ప్రతిధ్వనించింది. భటులు కత్తులు దూశారు.

"నా తల ఇక్కడే ఉంది ప్రభూ, ఎక్కడికీ పోదు. ఒక్క ప్రశ్న, అదీ పండితులవారిని." గురవన పండితుడి వైపు తిరిగాడు. "అయ్యా, ప్రభువులు పొద్దున సభలో శిక్ష పంపారు. అది ఈమె చేతికి అందిందా?"

పండితుడు తెల్లబోయాడు. "ఇంకా... అందలేదు."

"వస్తువు కానీ, ఆజ్ఞ కానీ, ఎవరు పంపినా, ఎప్పుడు పంపినా, చేతికి అందిన క్షణాన ఉన్న చట్టమే వర్తించాలని పొద్దున డప్పు కొట్టారు. శిక్ష పొద్దున బయల్దేరింది. చేతికి అందబోయేది ఇప్పుడు. ఇప్పటి చట్టంలో నూనె పట్టుకుంటే శిక్ష ఉందా అయ్యా?"

పండితుడు రాజుకేసి చూశాడు. రాజు పండితుడికేసి చూశాడు. దూత ఇద్దరికేసీ చూశాడు. ఎత్తిన గొడ్డలి గాలిలోనే ఉంది.

ప్రచండవర్మ చెయ్యెత్తబోయి ఆగాడు. తన అరచేతులు చూసుకున్నాడు. తాడు లాగిన చోట నూనె మెరుస్తోంది. కొత్త చాటింపు గనక పడకపోయి ఉంటే ఈపాటికి ఆ మొద్దు మీద ఎవరి చెయ్యి ఉండేదో తలుచుకున్నాడు కాబోలు, ముందు పెదవి వణికింది, తరవాత బొజ్జ కదిలింది, ఆపైన గుమ్మం దద్దరిల్లేలా నవ్వాడు.

"దొంగసన్నాసీ! నా చేత చట్టం మార్పించి, నా మాటతోనే నా చెయ్యి కట్టేశావు! ఓబా, గొడ్డలి దించు!"

దూత కూడా నవ్వాడు. జనం హోరుమన్నారు. రాజు తన చేతి కంకణం తీసి గురవనకు తొడిగి, "ఇంకేం కావాలో కోరుకో" అన్నాడు.

"ఒక్కటే ప్రభూ. తమరు చట్టాలు ఎన్నిసార్లైనా మార్చుకోండి. కానీ అప్పటికే బండెక్కి వస్తున్న సరుకుకు, అది బయల్దేరిన నాటి చట్టమే ఉండనివ్వండి. ఎడ్లు మీ చాటింపులంత వేగంగా నడవలేవు."

రాజు మళ్లీ నవ్వి సరేనన్నాడు. ఆ మాట మాత్రం ఆయన మార్చలేదు.

కొండసాని లేచి కొంగు దులుపుకుంది. సుంకరి నూనెకుండ తెచ్చి ఇచ్చాడు. ఓబడు గొడ్డలి పక్కన పారేసి, కుండ అందుకుని భుజాన పెట్టుకున్నాడు. ఏదో చెప్పబోయాడు కానీ ఏడుపొచ్చింది.

"తరవాత ఏడుద్దువుగానీ, పద" అంది కొండసాని, అప్పటికే అడుగులు వేస్తూ. "మేదరిపేటకు పోవాలి. నీ చేతులు వణుకుతున్నాయిరా, కుండ జాగ్రత్త."