ఒక్క పూటా తప్పని మందులు

భాస్కరరామం గారిని ఏదైనా అడిగితే వెంటనే జవాబు చెప్పరు. కళ్లజోడు తీసి జేబులో పెట్టుకుని, "రామ్మా, చూద్దాం" అంటూ నడక మొదలుపెడతారు. గోదావరి గట్టు పక్కనున్న ఆ పట్టణంలో కుక్కలకీ పిల్లులకీ ఉన్న ఆసుపత్రిలో ఆయన పెద్ద డాక్టరు. ఆయన దగ్గర పని నేర్చుకుంటున్న డాక్టర్ వకుళకి ఆ నడక సంగతి బాగా తెలుసు. దాని చివర మనసుకి హాయినిచ్చేది ఏదీ ఉండదని ఏడు నెలల్లో అర్థమైపోయింది. అయినా ఆవేళ ఉక్రోషం ఆపుకోలేక అడిగేసింది.

ఆ ఉక్రోషానికి మూలం ఒక ట్రే. పొద్దున ఓపీ తెరవక ముందే కాంపౌండరు అప్పన్న ఇరవై సిరంజిల్లో యాంటీబయాటిక్ నింపి వరసగా పేర్చేవాడు. ఒక్క కుక్కయినా గుమ్మం తొక్కలేదు, దాని జబ్బుకి మందు మాత్రం సిద్ధం! వాంతయినా అదే, దగ్గయినా అదే, ఒళ్లు గోక్కున్నా అదే. ఏళ్ల తరబడి నడిచిన ఈ ఆచారాన్ని పోయిన నెల భాస్కరరామం గారు కారణం చెప్పకుండా ఉన్నపళంగా మాన్పించారు. తిట్లు మాత్రం వకుళ తింటోంది. ఆవేళ ఒకాయన, "సూదైనా వెయ్యకుండా పంపించేస్తారా? ఇదేం ఆసుపత్రండీ!" అని పిల్లిని చంకనేసుకుని ఎదుటి క్లినిక్కులోకి చక్కాపోయాడు.

"ఒక్క సూదే కదా సార్. వేస్తే వాళ్లు సంతోషంగా ఇంటికి పోతారు. అందులో నష్టమేముంది?" అంది వకుళ.

ఆయన కళ్లజోడు తీశారు. "రామ్మా, చూద్దాం."

వార్డులో మూడో బోను ముందు లాజరు మాస్టారు స్టూలు మీద కూర్చుని ఉన్నారు. బోనులో ఆయన కుక్క రూబీ. తొమ్మిదేళ్లది, గోధుమరంగుది. గర్భసంచిలో చీము పడితే పది రోజుల క్రితం ఆపరేషన్ చేసి తీసేశారు. కోత బాగానే జరిగింది, కుట్టు దగ్గర మళ్లీ చీము పట్టింది. మూడు మందులు మార్చారు. జ్వరం దిగలేదు. రెండు రోజులుగా అది మాస్టారి చేతిలో ముద్ద వాసన చూసి మొహం తిప్పుకుంటోంది.

ఆ చీములోని క్రిముల్ని ల్యాబులో ఒక గాజు పళ్లెంలో పెంచారు. దాని మీద పన్నెండు మందుల్లో ముంచిన పన్నెండు కాగితపు బిళ్లలు పెట్టారు. మందు పనిచేస్తే బిళ్ల చుట్టూ క్రిములు చచ్చి తేటగా ఒక గుండ్రం పడాలి. ఆ ఉదయమే వచ్చిన ఆ పళ్లాన్ని భాస్కరరామం గారు కిటికీ వెలుగులో వకుళకి చూపించారు. బిళ్లల అంచుల దాకా క్రిములు దట్టంగా పెరిగి ఉన్నాయి. ఒక్క గుండ్రం కూడా పడలేదు.

"మాస్టారూ, రూబీ పాత చీటీలు తెచ్చారా?" అన్నారాయన.

లాజరు మాస్టారు ముప్పై మూడేళ్లు బళ్లో డ్రాయింగు చెప్పిన మనిషి. కాగితం నలగనివ్వరు. గుడ్డసంచీలోంచి ఫైలు తీసి, తారీకుల వరసన స్టూలు మీద పేర్చారు. ఒక పూట విరేచనం: యాంటీబయాటిక్. వేసవిలో తిండి మానేసింది: యాంటీబయాటిక్. దగ్గు, దురద, తుమ్ములు: అవే మందులు. వకుళ ఒక్కొక్కటీ చూస్తూ వెళ్లింది. ఇంచుమించు అన్నిటి కిందా భాస్కరరామం గారి సంతకమే ఉంది. ఆఖరి చీటీ మొన్న దీపావళిది. టపాకాయలకి జడిసి మంచం కింద దూరి వణికిన కుక్కకి అయిదు రోజుల మందు. దాని కింద ఉన్న సంతకం తనది. ఆ చీటీ రాసినట్టు గానీ, ఈ కుక్కని చూసినట్టు గానీ ఆమెకి గుర్తులేదు. సిగ్గుతో చచ్చినంత పనైంది.

"ఒక్క పూట కూడా తప్పలేదండీ. గోడ మీద గంటలు రాసుకుని మరీ వేశాను," అన్నారు మాస్టారు. "నేనెక్కడ పొరపాటు చేశానో చెప్పండి డాక్టరుగారూ."

"మీరేం పొరపాటు చెయ్యలేదు మాస్టారూ. మేం రాసినవన్నీ వేశారు. అక్కర్లేనప్పుడల్లా మేం రాశాం. ఇప్పుడు దాని ఒంట్లో ఉన్న క్రిములకి ఆ మందులన్నీ అలవాటైపోయాయి. అవసరం వచ్చేసరికి నా దగ్గర పనిచేసేది ఒక్కటీ లేదు."

మాస్టారు ఆ మాట విన్నారు. అర్థమైందో లేదో, చీటీల అంచులు సరిచేస్తూ కూర్చున్నారు. కాసేపటికి చేతులు జోడించారు.

"పోన్లెండి, ఏదో ఒక సూది వెయ్యండి. వేస్తే నాకు కొంచెం ధైర్యంగా ఉంటుంది."

వకుళ గోడ వైపు తిరిగి నిలబడింది. అరగంట క్రితం తను వాదించింది సరిగ్గా ఈ ధైర్యం కోసమే.

భాస్కరరామం గారు రూబీకి నొప్పి తెలియకుండా మందు ఎక్కించారు. "ఇది నొప్పికే మాస్టారూ, జబ్బుకి కాదు," అని చెప్పారు. తర్వాత ఇంకో స్టూలు లాక్కుని ఆయన పక్కన కూర్చుని, పళ్లెం చేతికిచ్చి మొదటి బిళ్ల నుంచీ నిదానంగా విడమరిచి చెప్పసాగారు. మాస్టారు అడిగిందే అడిగారు. ఆయన చెప్పిందే చెప్పారు. రెండోసారి చెబుతున్నప్పుడు మాస్టారికి అర్థమైంది. అర్థమైనట్టు ఆయన ఏడుపు చెప్పింది. బోనులోకి చెయ్యి పెట్టి రూబీ చెవి పట్టుకుని, ఆ ముసలాయన చిన్నపిల్లాడిలా ఏడ్చారు. భాస్కరరామం గారు లేవలేదు.

అప్పన్న రెండుసార్లు తలుపు దగ్గరికొచ్చి తొంగిచూసి వెళ్లాడు. ఇక ఆగలేక వకుళే భాస్కరరామం గారి దగ్గరికెళ్లి మెల్లిగా అంది: "సార్, ఓపీలో పద్నాలుగు మంది ఉన్నారు."

"ఉంటారు," అన్నారాయన, మాస్టారి భుజం మీద చెయ్యి తియ్యకుండానే. "సూది వెయ్యడానికి అర నిమిషం చాలమ్మా. అక్కర్లేదని చెప్పి ఒప్పించడానికి అరగంట పడుతుంది. ముప్పై ఏళ్లలో ఆ అరగంట నేనెవరికీ ఇవ్వలేదు."