కంట్రాక్టరు నక్కకు సన్మానం

అడవి అంచున దిబ్బవీధి అని ఒక వీధి. ఆ వీధిలో ఎవరూ ఎవరి మీదా పంజా ఎత్తకూడదని మృగరాజు ఆజ్ఞ. అందుకే కోళ్ళు, ఎడ్లు, కుందేళ్ళు ధైర్యంగా అక్కడ కాపురాలు పెట్టాయి. అయితే ఆజ్ఞలో పంజా మాటే ఉంది గానీ పలుగూ పారా మాట లేదు. రోడ్డు పని పుచ్చుకున్న గుంటనక్క జగ్గారాయుడు వేసవి మొదట్లో వచ్చి, వీధిని ఈ కొస నుంచి ఆ కొస దాకా తవ్వించి, చక్కా పోయాడు. మళ్ళీ కనపడితే ఒట్టు.

చివరి ఇల్లు పెట్ట సూరమ్మది. వీధి వాలంతా ఆ ఇంటివైపే. చిన్న జల్లులకే గొయ్యి అడుగు బురదయింది, ఇక గట్టి వాన ఒక్కటి పడిందంటే గొయ్యి పొంగి నీళ్ళు నేరుగా ఆమె గూట్లోకి వస్తాయి. గూట్లో పొదుగుతున్న గుడ్లున్నాయి. పిల్లలు లోపల కదులుతున్నట్టు ఆమెకు తెలుస్తూనే ఉంది. మబ్బు పట్టినప్పుడల్లా ఆమె ఒళ్ళు మండిపోయేది.

"కాస్త ఓర్చుకో సూరమ్మా, ఎప్పటికైనా వేస్తారు," అన్నాడు పొరుగింటి ఎద్దు బసవయ్య.

"ఓర్చుకునేగా నువ్వు ఆ గోతిలో పడి కాలు బెణికించుకున్నావు? నా పిల్లల్నీ ఓర్చుకోమని చెప్పనా, గుడ్డులోంచే?"

"పోనీ రాజుగారితో చెప్పుకుందాం."

"కుందేళ్ళు చెప్పుకోలేదూ? గోతులు తవ్వింది కుందేళ్ళేనని ఆ నక్క ఎదురు చెప్పాడు. రాజుగారు కుందేళ్ళకే చీవాట్లు పెట్టి పంపారు. ఏనాడైనా ఈ వీధి మొహం చూశారా ఆయన?"

చూసే రోజు వచ్చింది. ప్రారంభోత్సవానికి మృగరాజు వస్తున్నాడని కబురు. ఆ పొద్దున్నే జగ్గారాయుడు ఊడిపడ్డాడు. వీధి మొదట్లో, రాజుగారు రిబ్బను కత్తిరించి నాలుగడుగులు వేసే మేరకు, నున్నగా రోడ్డు వేయించాడు. మిగతా గొయ్యి పొడవునా తాటాకు చాపలు పరిపించి, పైన కంకర పొడి చల్లించాడు. దూరం నుంచి చూస్తే అచ్చం రోడ్డే!

సూరమ్మ అది చూసింది. కేకలు పెట్టి వీధంతా ఏకం చేద్దామని నోరు తెరిచింది. కుందేళ్ళ సంగతి గుర్తొచ్చి నోరు మూసుకుంది. గుడ్ల మీద వెచ్చగా గడ్డి కప్పి, గట్టు వెంబడి నడిచి నక్క దగ్గరికి వెళ్ళింది.

"ఏం చెల్లెమ్మా, వానంటే భయమా? గుడ్లు నాకిచ్చెయ్, భద్రంగా దాస్తాను," అన్నాడు నక్క పెదాలు తడుపుకుంటూ.

"మీకెందుకన్నయ్యా శ్రమ! ఇంత రోడ్డు వేశారు, మీకు సన్మానం చేయాలని వీధంతా అనుకుంటున్నాం."

"సన్మానమా? శాలువా కూడానా?"

"శాలువా, గజమాల, రాజుగారి చేతుల మీదుగా."

జగ్గారాయుడు మీసం దువ్వుకున్నాడు. ఎక్కడ చేస్తారని మాత్రం అడగలేదు.

మృగరాజు వచ్చాడు, రిబ్బను కత్తిరించాడు, నాలుగడుగులు వేసి వెనక్కి తిరగబోయాడు. సూరమ్మ ఎదురొచ్చి వంగి దణ్ణం పెట్టింది.

"ప్రభూ, రాయుడు గారి సన్మానానికి మా గుమ్మం ముందు కుర్చీ వేశాం. ఆయన ముందు నడుస్తారు, తమరు వెనక దయచేయాలి."

"భేష్! పద రాయుడూ," అన్నాడు మృగరాజు.

నక్క నున్నటి రోడ్డు అయిపోయేదాకా దర్జాగా నడిచాడు. చాప అంచున టక్కున ఆగాడు.

"ఆగావేం?"

"కాళ్ళు పట్టేశాయి ప్రభూ. ఆ సన్మానమేదో ఇక్కడే కానిద్దాం."

"నీ రోడ్డు మీద నడవడానికి నీకే కాళ్ళు రావా?"

సూరమ్మ మెత్తగా అందుకుంది. "రాయుడు గారికి మొహమాటం కాబోలు. పోనీ ప్రభువులే ముందు నడవండి."

నక్క లెక్క వేసుకున్నాడు. మృగరాజు ఆ గోతిలో పడితే తన తోలు ఉండదు. గొయ్యి ఉందని చెప్పినా ఉండదు. ఊపిరి బిగబట్టి, మునివేళ్ళ మీద ఒక్కడుగు వేశాడు. రెండోది వేయబోయేలోగా చాప కుంగింది, రాయుడు గారు బురదలో మెడదాకా దిగబడ్డారు.

మృగరాజు చాప ఎత్తి చూశాడు. కుందేళ్ళ వైపు తిరిగి తల దించుకున్నాడు.

అప్పుడు విప్పింది సూరమ్మ నోరు. "దొంగ వెధవా! నా పిల్లలు లోకం చూడకముందే ముంచేద్దామనుకున్నావు కదరా! బసవయ్య కాలు నీకు లెక్కలేదు, మా ప్రాణాలు లెక్కలేదు. చాప పరిస్తే రోడ్డయిపోతుందా? నీ ఇంటి ముందు పరుస్తావా ఇలా?"

ఎవరూ ఆపలేదు. మృగరాజు కూడా ఆపలేదు. ఆమె ఆయాసంతో ఆగాక, "ఒక్కడివే పూడ్చు. గొయ్యి పూడేదాకా నేనిక్కణ్ణుంచి కదలను," అన్నాడు నక్కతో.

జగ్గారాయుడు నాలుక బయటపెట్టి మట్టి మోశాడు, రాళ్ళు మోశాడు. నడుం ఎత్తినప్పుడల్లా, "ఇక్కడ ఇంకా మెత్తగా ఉంది, తొక్కు," అనేది గూట్లోంచి సూరమ్మ. తొక్కాడు. ఆఖరి తట్ట పడేసరికి వాన దంచికొట్టింది. నీళ్ళు సూరమ్మ గడప తాకకుండా పక్కనుంచి సాగిపోయాయి. గూట్లో ఒక గుడ్డు చిట్లి, చిన్న ముక్కు బయటికి వచ్చింది. వీధిలో నక్క వానలో తడుస్తూ తొక్కుతూనే ఉన్నాడు.

నీతి: రోడ్డు వేశానన్నవాడికి దండ వేసేముందు, ఆ రోడ్డు మీద చివరిదాకా వాణ్ణే నడిపించి చూడాలి.