బస్తాతో గుట్టెక్కని బండి

గుట్టకింది ఊళ్లో రైసుమిల్లు కోటిలింగం మాటకు ఎదురు లేదు. ఆయన మోటారుసైకిలు చదును దారిలో చక్కగా పోయేది. బస్తా వేసుకుని గుట్ట ఎక్కబోతే మాత్రం దగ్గి దగ్గి ఆగిపోయేది.

"నువ్వే ఇంజను పాడుచేశావు. కొత్తదన్నా వెయ్యి, కొట్టన్నా మూసెయ్యి," అని ఆయన జనం ముందే మెకానిక్ మాబున్ని మీద విరుచుకుపడ్డాడు.

"ఇంజను బాగుందయ్యా. ఎయిర్ ఫిల్టర్ నిండా మీ మిల్లు తవుడే. బండికి ఊపిరాడటం లేదు," అంది మాబున్ని.

"మరి చదును దారిలో ఎలా పోతోందే?"

"మీరే చూద్దురుగాని. ఆ తువ్వాలు మడతపెట్టి ముక్కూ నోరూ కలిపి కట్టుకోండి."

కోటిలింగం కట్టుకుని, హాయిగానే ఉన్నట్టు చెయ్యి ఊపాడు.

"ఇప్పుడు బస్తా భుజాన వేసుకుని గుట్ట ఎక్కండి."

జనం చూస్తున్నారని ఆయన పంతానికి పోయి ఎక్కాడు. ఇరవై అడుగులకే ముఖం కందగడ్డలా అయింది. బస్తాతో సహా కూలబడ్డాడు. జనం పొట్టలు పట్టుకుని నవ్వారు.

మాబున్ని వంగి మర్యాదగా అడిగింది: "మిమ్మల్ని తీసేసి కొత్తాయన్ని తెమ్మంటారా, తువ్వాలు విప్పమంటారా అయ్యా?"

ఆయన వేలితో తువ్వాలు చూపించాడు.

కాసేపటికి, ఫిల్టర్ మార్చిన బండి బస్తానూ ఆయన్నీ మోసుకుని గుట్టెక్కింది.