గుంజు తినే నెల

గౌరునాయుడు జనపనార మిల్లులో ఫిట్టరు. వయసు నలభై ఎనిమిది దాటింది. అక్కడ అందరూ యాభై ఎనిమిదికి దండ వేయించుకుని ఇంటికి పోతారు. తను మాత్రం యాభైకే కాగితం పెట్టి గేటు దాటెయ్యాలని ఆరేళ్ళ కిందట ఒట్టు పెట్టుకున్నాడు. ఒట్టు పెట్టుకోవడం తేలికే. ఆ ఒట్టుకీ యాభయ్యో ఏటికీ మధ్యనున్న రోజుల్ని ఒక్కొక్కటిగా గడపడమే అతని వల్ల కాకుండా ఉంది.

వంటింటి గోడకి క్యాలెండరు ఉండేది. గడిచిన తేదీని ఎర్ర పెన్సిలుతో కొట్టెయ్యడం అతని అలవాటు. మొదట్లో పడుకోబోయే ముందు కొట్టేసేవాడు. తర్వాత సాయంత్రం డ్యూటీ దిగి చెప్పులు విప్పకుండానే కొట్టేసేవాడు. ఈమధ్య మంగళవారం పొద్దున్నే మంగళవారాన్ని కొట్టేస్తున్నాడు, చెయ్యి ఊరుకోకపోతే పక్కనున్న బుధవారాన్ని కూడా. తీరా బుధవారం నిజంగానే వచ్చేసరికి, కొట్టేసిన రోజు మళ్ళీ ఎందుకొచ్చిందన్నట్టు ఇంట్లో అందరి మీదా చిరాకు పడేవాడు. అందరూ అంటే ఎవరూ లేరు, భార్య నారాయణమ్మ ఒక్కతే.

నారాయణమ్మ పాడేది. నేర్చుకున్న పాట కాదు, తల్లి దగ్గర విని పట్టుకున్న తత్వాలు. బియ్యం ఏరుతూ పాడేది, బట్టలు ఆరేస్తూ పాడేది. మిల్లులో పొద్దస్తమానం మగ్గాల మోత విని చెవులు గింగురుమంటూ ఇంటికొచ్చే మనిషికి ఆ పాట కూడా మోతే అయ్యేది. "ఇప్పుడు కాదే నారాయణమ్మా, రిటైరైనాక అరుగు మీద కూకుని తీరిగ్గా ఇందాం," అనేవాడు. మంచిగానే అనేవాడు, పాపం. ఆమె కూడా మంచిగానే మానేసేది.

రెండేళ్ళ కిందట ఆమె గొంతులో గడ్డ లేచింది. ఆపరేషన్ చేశారు. ప్రాణం దక్కింది, గొంతు దక్కలేదు. ఇప్పుడు ఆమె మాట్లాడితే గాలి కదిలినట్టుంటుంది, దగ్గరగా చెవి పెడితేగాని మాట తెలియదు. మెతుకు కూడా మెత్తగా పిసికి పెట్టుకుంటేనే దిగుతుంది. ఆపరేషన్ జరిగిన వారం కూడా గౌరునాయుడు క్యాలెండరు కొట్టడం మానలేదు. ఆ విషయం తర్వాత తలచుకుని చాలా బాధపడ్డాడు గాని, అదంతా తర్వాతి మాట.

వాళ్ళిద్దరికీ గురువు నూకయ్య. నలభై ఏళ్ళు తాటిచెట్లెక్కి కల్లు గీసి, మోకాళ్ళు పట్టేశాక నేల మీదికి దిగి, అచల మార్గంలో తత్వబోధ చెప్పుకుంటూ కూర్చున్న మనిషి. సముద్రం వైపు ఎర్రమట్టి దిబ్బల్లో తాటాకు పాక, ముందు కాస్త జాగా, దాని చుట్టూ తాటిచెట్లు. అదే మఠం. ఆదివారం మధ్యాహ్నం పదిమందీ చేరి తంబూరా పెట్టుకుని తత్వాలు పాడుకుంటారు. ఒకప్పుడు అక్కడ నారాయణమ్మ పాడుతూంటే ముసలాయన కళ్ళు మూసుకుని వినేవాడు. ఆమె పాట సగంలో ఉండగానే గౌరునాయుడు గుమ్మంలోంచి చెయ్యి ఊపేవాడు, మూడు గంటల బస్సని. ఆ బస్సు తప్పితే సాయంత్రం ఓవర్‌టైము తప్పుతుంది. ఆమె సగం పాట అక్కడే దించేసి లేచేది. ఇప్పటికీ ప్రతి ఆదివారం ఆ బస్సు కోసం అలాగే లేస్తున్నారు. ఆమె మధ్యలో దించాల్సిన పాటే లేదు.

భాద్రపదంలో ఒక ఆదివారం గౌరునాయుడు గురువు ముందు కూర్చున్నాడు.

"గురువుగారూ, ఇంకా ఏడాది మీద నాలుగు నెలలుంది. నా వల్ల కావట్లేదండి."

"ఏటి కావట్లేదురా?"

"రోజు గడవట్లేదండి. పొద్దున్న గేట్లోకి ఎల్తే సాయంత్రం ఎప్పుడవుద్దా అనుంటాది. సాయంత్రమైతే రేపెప్పుడవుద్దా అనుంటాది. ఓపిక పట్టే దారేదైనా సెప్పండి."

"యాభై వచ్చినాక ఏటి సేస్తావు?"

"ఏటీ సెయ్యనండి. మా నారాయణమ్మతో అరుగు మీద కూకుంటాను. బతకడమంటే అప్పుడే గదండీ."

నూకయ్య పాక వసారాలో కూర్చున్న నారాయణమ్మ వైపు ఒకసారి చూశాడు. పాక వెనక తాటిపళ్ళ గుజ్జు తీసేసిన టెంకలు గుట్టగా పడున్నాయి. వాటిని చూపించాడు.

"అవి పాతరెయ్యి. నీళ్ళు నువ్వే సల్లు. కాపలా నువ్వే కాయి. ఎప్పుడు తవ్వాలో నువ్వే సూసుకుని తవ్వు. తేగలు తెచ్చి నా ముందర పెట్టినప్పుడు అడుగు, సెప్తాను."

గౌరునాయుడు అర్థమైనట్టు తల ఊపాడు. ఇది ఓపికకి పరీక్ష అని అప్పటికప్పుడే కనిపెట్టేశాడు. మట్టి వదులుగా గుల్లచేసి, గట్టు కట్టి, టెంకల్ని పక్కపక్కనే పేర్చి, పైన మట్టి కప్పాడు. ఫిట్టరు చెయ్యి కదా, వరస ఎక్కడా వంకర పోలేదు. నాలుగు వైపులా తాటి మట్టలు పాతి దడి కట్టాడు.

మొదటి నెల నరకం చూశాడు. ప్రతి ఆదివారం వచ్చి పాతర చుట్టూ తిరిగేవాడు. ఒక్క టెంక పైకి లాగి, తేగయ్యే మొలక కిందికి ఎంత దిగిందో చూడాలని వేళ్ళు పీకేవి. ఆత్రపు పెళ్ళికొడుకు అత్త మెడలో తాళి కట్టాడన్న సామెత తనకి తనే చెప్పుకుని చేతులు వెనక్కి కట్టుకునేవాడు. రెండో నెలకి చేతులు వాటంతటవే వెనక్కి పోవడం మొదలెట్టాయి. తనలో ఏదో మారిందనుకున్నాడు. మిల్లులో తోటి ఫిట్టర్లకి ఓపిక గురించి చెప్పడం కూడా మొదలుపెట్టాడు. వాళ్ళు విన్నారు, చేసేదేముంది.

కార్తీకం వచ్చింది. నాగుల చవితినాడు ఆ చుట్టుపక్కల పుట్టలో పాలు పోసి, చలిమిడీ చిమ్మిలితో పాటు బుర్రగుంజు పెట్టడం ఆనవాయితీ. టెంక నుంచి మొలక కిందికి దిగుతున్న రోజుల్లో, ఆ టెంకనే బుర్ర అంటారు, దాని లోపలంతా నిండి ఉంటుంది గుంజు. తెల్లగా, దూదిలా మెత్తగా, తియ్యగా. పళ్ళు లేని ముసలాళ్ళూ పళ్ళు రాని పిల్లలూ కూడా తింటారు. కానీ ఒక బుర్ర పగలగొడితే ఒక తేగ పోయినట్టే.

పొద్దున్నే ఆడవాళ్ళు గిన్నెలు పట్టుకుని గురువు పాక దగ్గరకొచ్చారు. గౌరునాయుడు సెలవు పెట్టి మరీ పాతర ముందు కూర్చున్నాడు.

"లేదమ్మా, ఇవి తేగలకి ఏసినవి. ఒక్కటి కూడా తియ్యడానికి లేదు. ఇంకోరి పాతర సూసుకోండి."

ఏడాదికొక పండగ కదా, రెండు బుర్రలిస్తే నీ సొమ్మేం పోయిందని ఒకామె అంది. ఇది గురువుగారు పెట్టిన పని, మీకు తెలీదు అన్నాడు. వాళ్ళు గురువు వైపు చూశారు. నూకయ్య వసారాలో కూర్చుని తాటాకు చీలుస్తున్నాడు, తల ఎత్తలేదు. ఆడవాళ్ళు వేరే పాతరకి వెళ్ళిపోయారు.

అందరూ వెళ్ళాక నారాయణమ్మ వచ్చి భర్త పక్కన గొంతుకూర్చుంది. అతని చెవి దగ్గర ఏదో అంది. అతనికి వినబడలేదు. ఆమె మళ్ళీ అంది.

"ఒక్కటి కొట్టి పెట్టరాదేటి. మెత్తగుంటాది, దిగుతాది."

గౌరునాయుడు పాతర వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు. అతని మనసు కదలలేదని అనలేను. కదిలింది. కానీ ఒకటి తీస్తే వరస పోతుంది. ఇన్నాళ్ళు పట్టిన పట్టు పోతుంది.

"రెండు నెలలు ఆగవే. తేగలు తీసేక బుర్రలన్నీ నీకే. కూకుని తిందువు గాని."

నారాయణమ్మ తల ఊపి లేచింది. అడిగిన మాట మళ్ళీ అడిగే మనిషి కాదు. చిమ్మిలి గిన్నె పట్టుకుని పుట్ట దగ్గరకి ఒక్కతే వెళ్ళింది.

పుష్యంలో ఊళ్ళో అందరూ పాతర్లు తవ్వేసుకున్నారు. వీధి వీధినా తేగలు కాలిన వాసన. గౌరునాయుడు తవ్వలేదు. అందరికంటే ఒక నెల ఎక్కువ ఆగి చూపించాలనుకున్నాడు. మనిషి మారలేదు చూడండి, ఇదివరకు రోజుల్ని ముందుకు తోసేవాడు, ఇప్పుడు ఒక్కొక్క రోజునీ పతకంలా గుండెకి గుచ్చుకుంటున్నాడు. రెంటిలోనూ ఆ రోజుని అనుభవించింది లేదు.

మాఘంలో ఒక ఆదివారం పొద్దున్న గునపం పట్టుకుని పాతర తవ్వాడు. తేగలు దిగాయి, ఒక్కోటి బొటనవేలి లావున, జానెడున్నర పొడుగున. ఒక్కటీ విరగలేదు. బుర్రలు అడుగున వేసి, పైన తేగలు పేర్చి, గంపకెత్తి తెచ్చి గురువు ముందు పెట్టాడు. ముఖం వెలిగిపోతోంది.

"ఒక్కటంటే ఒక్కటి ముందుగా తియ్యలేదండి, గురువుగారూ."

"సూశానురా. బాగా దిగేయి," అన్నాడు నూకయ్య. "తంపటెయ్యి. ముందు నారాయణమ్మకి పెట్టు."

గౌరునాయుడు తేగలు కుండలో పేర్చి, బోర్లించి, చుట్టూ తాటి కమ్మలు వేసి కాల్చాడు. అన్నింటిలోకీ మంచిది ఏరి, పొర ఒలిచి భార్య చేతికిచ్చాడు. ఆమె ఒక ముక్క విరిచి నోట్లో వేసుకుంది. చాలాసేపు నమిలింది. ముదిరిన తేగ, పీచు కట్టింది. మింగబోయి ఆగింది. పక్కకి తిరిగి, కొంగు అడ్డం పెట్టుకుని, పీచు చేతిలోకి తీసేసుకుంది. తిరిగి చూసి నవ్వింది, బాగుందన్నట్టు.

గౌరునాయుడికి అప్పుడు గుర్తొచ్చింది.

"ఆగవే. బుర్రలన్నీ నీకే అన్నాను గదా."

గంప అడుగునున్న బుర్రల వైపు చెయ్యి చాపాడు. నూకయ్య లేచాడు. ఆ మోకాళ్ళతో లేవడం ఆయనకి చిన్న పని కాదు. పాక కప్పులో దోపిన పాత కత్తి తీసి శిష్యుడి చేతిలో పెట్టి, మళ్ళీ కూర్చున్నాడు.

గౌరునాయుడు ఒక బుర్ర కొట్టాడు. రెండు చెక్కలైంది. లోపల ఏమీ లేదు. ఎండి గోధుమరంగు తిరిగిన పొర ఒకటి చెక్కకి అంటుకుని ఉంది. పుచ్చు బుర్ర అనుకుని పక్కన పడేశాడు. ఇంకోటి కొట్టాడు. అదీ అంతే. ఇంకోటి. ఇంకోటి. కత్తి దెబ్బలు తొందరవుతున్నాయి. చుట్టూ చెక్కలు గుట్టపడుతున్నాయి. గురువు ఆపలేదు. నారాయణమ్మ వచ్చి అతని భుజం మీద చెయ్యి వేసింది. అప్పుడు ఆగాడు.

"ఏటయిపోయిందండి, గురువుగారూ?" అన్నాడు. "అన్నింట్లోనూ ఉండాలి గదండీ."

"ఉండేదిరా. తేగే తినీసింది. అది అంత లావు ఊరికే అయిందేటి?"

గౌరునాయుడు చేతిలో ఉన్న ఖాళీ చెక్కని మిగతా చెక్కల పక్కన పెట్టాడు.

"ముందు సెప్పలేకపోయారా," అన్నాడు. నిష్ఠూరం కాదు, ఏడుపు.

"చవితినాడు నీ పక్కన కూకుని ఒకరు సెప్పేరు," అన్నాడు నూకయ్య.

ముసలాయన ఒక తేగ తీసుకుని పొర ఒలుస్తూ, తనలో తను అనుకుంటున్నట్టు అన్నాడు.

"గుంజు తినే నెల ఏరు. తేగ తినే నెల ఏరు."

ఓపిక పట్టే దారి అడగాలని గౌరునాయుడికి ఇక గుర్తులేదు. కత్తి కింద పెట్టాడు. పాటల వేళైంది. ఒకరొకరే వచ్చి కూర్చున్నారు. ఎవరో తంబూరా సవరించి ఏదో తత్వం ఎత్తుకున్నారు. నారాయణమ్మ గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. కాసేపటికి ఆమె పెదవులు కదలడం అతను చూశాడు. అందరూ పాడుతున్న పాట కాదు అది, వేరే ఏదో. ఇన్నేళ్ళుగా ఇలా కదులుతూనే ఉన్నాయో ఏమో, తను ఎప్పుడు చూశాడు గనక.

జరిగి ఆమె పక్కన కూర్చున్నాడు. ఆమె పెదవుల దగ్గర చెవి పెట్టాడు. దిబ్బ కింద మూడు గంటల బస్సు హారన్ కొట్టింది. ఆమె ఆపి, బస్సు అన్నట్టు చెయ్యి చూపించింది. అతను తల అడ్డంగా ఊపాడు. బస్సు కాసేపు ఆగి వెళ్ళిపోయింది.

ఆమె మళ్ళీ మొదలుపెట్టింది. వెచ్చటి గాలి చెవికి తగులుతోంది గాని ఏ పాటో అతను పోల్చుకోలేకపోయాడు. ఉత్త ఊపిరిని బట్టి పోల్చుకోవాలంటే ఆ పాట ముందు ఒక్కసారైనా చివరిదాకా విని ఉండాలి.

"ఇంకోసారి," అన్నాడు.