లోపల రెండు వేళ్ళ గుడ్డ

అనగనగా ఒక బస్టాండు. ఆ బస్టాండు వెనక ఒక సందు. ఆ సందులో ఒక కుట్టుమిషను. ఆ మిషను వెనక మాణిక్యం అని ఒక దర్జీ. వింటున్నావా అమ్మడూ? ఊఁ కొట్టు మరి.

ఆ మాణిక్యానికి గర్వం అనేదే లేదు. తనకు గర్వం లేదన్న సంగతి దుకాణానికి వచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పేవాడు. "టేపు ఎందుకండీ, కన్ను చాలదూ?" అని, మనిషి ఇంకా గుమ్మం దగ్గర ఉండగానే భుజం ఇంత, నడుం ఇంత అని నీలం సుద్దతో రాసేసేవాడు. అంగుళం తేడా వచ్చేది కాదు.

ఆయనకో భార్య ఉంది. ఆమె అందం, తెలివి నేను చెప్పాల్సిందే, ఇంకెవరూ చెప్పరు. వాళ్ళిద్దరికీ ఉన్నది ఒకటే గది.

మాణిక్యానికి ఒక అక్క, పేరు పగడమ్మ. తల్లి పోతే తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచింది. సూది పట్టడం నేర్పింది కూడా ఆమే. "తమ్ముడూ, లోపల రెండు వేళ్ళ గుడ్డ వదలరా. ఒళ్ళు ఎప్పుడూ ఒక్కలా ఉండదు" అనేది.

ఆ తర్వాత ఆమెకు పెళ్ళయింది. ఆ తర్వాత మొగుడు పోయాడు. ఆ తర్వాత పక్క ఊళ్ళో మరిది ఇంటి వసారాలో గోనెపట్టా అడ్డం కట్టుకుని ఉండిపోయింది. వాన వస్తే మంచం మూడు మూలలకీ జరుపుకునేది. నాలుగో మూల మేకది.

అప్పుడు మాణిక్యం, "అక్కా, మా ఇంటికి ఆనించి నీకో గది కడతా" అన్నాడు.

"మంచం పడితే చాల్రా" అంది పగడమ్మ.

తాపీమేస్త్రి ఏసోబు వచ్చాడు. "లెక్క నేను వేస్తా మాణిక్యం గారూ" అన్నాడు. మాణిక్యం ఒప్పుకుంటాడా? "జాకెట్టుకు గుడ్డెంతో చెప్పేవాడికి గోడకు ఇటుకలెన్నో తెలీదా?" అని, ఇంటి పక్కగోడ మీద నీలం సుద్దతో రాశాడు. ఇటుకలు ఇన్ని, రేకులు ఇన్ని, సిమెంటు ఇన్ని బస్తాలు, ఇసుక ఇన్ని బళ్ళు. తలుపు వచ్చేచోట ఇటుకలు అక్కర్లేదు కదా అని అవి కూడా తీసేశాడు. కింద గీత గీసి మొత్తం ఎంతవుతుందో రాశాడు.

"పైన కాస్త వేసుకోండి" అన్నాడు ఏసోబు.

"గుడ్డ పాడుచేసేవాడు వేసుకుంటాడు మేస్త్రీ" అన్నాడు మాణిక్యం. గీత కింద ఎంత రాశాడో అంతే కూడబెట్టాడు. ఒక్క రూపాయి ఎక్కువ లేదు.

అప్పుడు ఇటుకలు దిగాయి. గోడ నడుం ఎత్తు లేచిందో లేదో, అయిపోయాయి. "దొంగలు పడ్డారు మేస్త్రీ!" అని మాణిక్యం ఇల్లంతా తిరిగాడు.

"దొంగలెవరూ లేరండీ. మీ ఇటుకలు భూమిలో ఉన్నాయి. పునాదికి లెక్కేశారా? లంగాకి కింద మడత పెట్టరా మీరు?" అని నవ్వాడు ఏసోబు.

మాణిక్యం కనపడే గోడకే లెక్క వేశాడు మరి! ఇంకొన్ని ఇటుకలు కొనాలంటే ఇంకొన్ని జాకెట్లు కుట్టాలి. రెండు నెలలు పట్టింది.

ఆ మధ్యలో పగడమ్మ బస్సు దిగి వచ్చింది. "జాకెట్టు వదులైందిరా, కాస్త లోపలికి పట్టు" అంది. మాణిక్యం ఒక అంగుళం పట్టి ఇచ్చాడు.

ఆ తర్వాత గోడలు పూర్తయ్యాయి. రేకులు వచ్చాయి. పరిస్తే ఒక రేకు తక్కువ.

"అంచుకు అంచు పెట్టి కొలిచారా? రేకు మీద రేకు జానెడు ఎక్కకపోతే సందులోంచి వాన కారదూ? గుండీల పట్టీ ఒకదాని మీద ఒకటి ఎక్కదా?" అన్నాడు ఏసోబు. ఈసారి నవ్వలేదు కూడా, అలసిపోయాడు పాపం.

మళ్ళీ జాకెట్లు, మళ్ళీ రెండు నెలలు. మళ్ళీ పగడమ్మ వచ్చింది, దగ్గుకుంటూ. "మళ్ళీ వదులైందిరా."

"గుడ్డ సాగి ఉంటుంది అక్కా" అన్నాడు మాణిక్యం. ఆయన కన్ను రేకుల మీద ఉంది. ఇంకో అంగుళం పట్టి ఇచ్చాడు.

ఆ తర్వాత పైకప్పు పడింది. మూడోసారి వచ్చిన పగడమ్మ గది మధ్యలో నిలబడింది. చెయ్యి చాపి ఇటుకలు తడిమింది. "ఇంక వచ్చేస్తాలేరా" అంది.

"ఆగక్కా. లోపలి ప్లాస్టరింగు లెక్కలో మర్చిపోయాను, సిమెంటంతా బయటివైపుకే సరిపోయింది. ఒక్క నెల ఆగు. లైనింగు లేని జాకెట్టు ఎవరికైనా ఇచ్చానా నేను?"

"జాకెట్టంటే నలుగురూ చూస్తారు. నా గోడ ఎవరు చూస్తార్రా?"

"అందరూ చూస్తారు. అక్కని వట్టి ఇటుకల మధ్య పడేశాడనరూ?"

పగడమ్మ సంచీలోంచి ఆ జాకెట్టే తీసి ఇచ్చింది. "అయితే దీన్ని ఇంకాస్త పట్టి ఉంచు. గదిలోకి వచ్చిన రోజు వేసుకుంటా" అని బస్సెక్కింది. ఆ తెలివైన భార్య గుమ్మంలోనే ఉంది. నోరు తెరవలేదు.

నెల తిరిగింది. గోడలు చెయ్యి జారేంత నున్నగా వచ్చాయి. మాణిక్యం కొత్త మంచం వేశాడు. జాకెట్టు మడతపెట్టి చంకలో పెట్టుకుని, అక్కని తీసుకురావడానికి బస్టాండుకు నడిచాడు.

అప్పుడే బస్సు ఆగింది. పగడమ్మ మరిది దిగాడు. "మీ అక్క పొద్దున పోయింది మాణిక్యం" అన్నాడు.

అంతా అయిపోయాక మాణిక్యం వచ్చి ఆ కొత్త మంచం మీద కూచున్నాడు. జాకెట్టు తిరగేసి చూశాడు. పక్కపక్కనే మూడు కుట్లు, అంగుళానికొకటి. మూడూ తను వేసినవే. రెండు వేళ్ళ గుడ్డ ఉండాల్సిన చోట అరచెయ్యంత గుడ్డ మిగిలి ఉంది. అక్క అంత తరిగిపోతూ ఉంటే, తను కుట్టుకుంటూ పోయాడు. గుమ్మం దగ్గర ఉండగానే మనిషిని కొలిచే కన్ను అది!

ఏడవకు అమ్మడూ. ఇలా తిరిగి నీ తలవైపు గోడ చూడు. మిగతా మూడూ నున్నగా ఉన్నాయి కదా. దీనికి మాత్రం సున్నం వెయ్యనివ్వడు మీ తాతయ్య. ఆ నీలం అంకెలు అవే. ఈ మంచం కూడా అదే. "వదినా, ఇవాళే ఉండిపో" అని గుమ్మంలో ఉన్నావిడ ఒక్క మాట అని ఉంటే సరిపోయేది. నేను అనలేదు.

ఇప్పుడు నేను రెండుసార్లు దగ్గితే చాలు, మీ తాతయ్య టేపు పట్టుకుని వచ్చి నా నడుం కొలుస్తాడు. "కన్ను చాలదూ?" అంటాను.

"చాలదే. ఆ చూపు నాకింకా రాలేదు" అంటాడు.

ఇటుకలన్నీ ఇంటికి,
కునుకు నీ కంటికి,
కథేమో కంచికి,
మనం పగడమ్మ మంచానికి.