దించడం నేర్చిన వస్తాదు

విజయనగరం దాపున జొన్నలవలస అనే ఊళ్లో గౌరునాయుడనే వస్తాదు ఉండేవాడు. సంగిడి ఎత్తడంలో అతన్ని మించినవాడు లేడు కానీ, ఎత్తడం మానడం మాత్రం అతనికి చేతనయ్యేది కాదు.

సంగిడి అంటే ఆషామాషీ రాయి కాదు. గుండ్రటి నల్లరాయి, పట్టుకోవడానికి రెండు పక్కలా తొలిచిన పిడులు. నలుగురు మామూలు మనుషులు కలిసి లేపితే నేలకూ దానికీ మధ్య చీమ దూరేంత సందు వచ్చేది. ఆ చీమకు కూడా దూరే ధైర్యం ఉండేది కాదు. అలాంటి రాయిని గౌరునాయుడు తలపైకి ఎత్తి నిలబెట్టేవాడు. ఎత్తే ముందు అతను గుండెనిండా ఊపిరి పీల్చుకుంటే చుట్టుపక్కల గాలి చాలక కాకులు కిందికి దిగి నడిచి వెళ్లేవి. ఒకసారి బురదలో కూరుకుపోయిన ఎరువుబండిని ఎడ్లతో సహా భుజాన వేసుకుని గట్టుమీద పెట్టాడు. ఆ ఎడ్లు సిగ్గుతో వారం రోజులు గడ్డి ముట్టలేదు.

ఆ చుట్టుపక్కల ఊళ్లకు ఒక కట్టుబాటు ఉండేది. దసరా నాడు సంగిడిని తలపై ఎక్కువసేపు నిలిపినవాడి ఊళ్లోనే ఆ రాయి ఏడాది పొడుగునా ఉండాలి. గౌరునాయుడికి మీసం మొలిచిన నాటినుంచి అది జొన్నలవలస రామకోవెల ముందునుంచి కదల్లేదు. పక్క ఊరు కొత్తరేగ వస్తాదు దాలినాయుడు ఏటా రాయిని తీసుకుపోదామని బండి కట్టుకుని వచ్చేవాడు. ఏటా ఖాళీ బండితో వెళ్లేవాడు. ఆ ఖాళీ బండి గలగల వినడమే జొన్నలవలసకు అసలు పండగ.

ఈ పేరు నిలుపుకోవడానికి గౌరునాయుడు రోజూ సంగిడి ఎత్తేవాడు. వాన పడినా ఎత్తేవాడు, జ్వరమొచ్చినా ఎత్తేవాడు. ఆ రాయికే నోరుంటే "నాకు సెలవియ్యి బాబూ" అని ఏడ్చేది. కొన్నాళ్లుగా అతని కుడిభుజంలో సన్నగా ఒక పోటు మొదలైంది. గౌరునాయుడు దాన్ని లెక్కచేయలేదు. పోటు వచ్చిన రోజున ఇంకో రెండుసార్లు ఎక్కువ ఎత్తేవాడు.

జ్యేష్ఠమాసంలో అతనికి నరసమ్మతో పెళ్లయింది. పెళ్లిపీటల మీద అందరూ తలంబ్రాల కోసం సరదాగా ఎదురుచూస్తున్నారు. గౌరునాయుడు దోసిలినిండా తలంబ్రాలు తీసుకున్నాడు. కానీ కుడిచెయ్యి భుజం దాటి పైకి లేవలేదు. మొహం ఎర్రబడింది, చెమటలు పట్టాయి. చివరికి ఎడంచేత్తో పోశాడు. సగం తలంబ్రాలు పురోహితుడి మీద పడ్డాయి.

"సంగిడి ఎత్తే చేతికి గుప్పెడు బియ్యం బరువయ్యాయా మావా?" అని నరసమ్మ మేలిముసుగులోంచి మెల్లగా అడిగింది.

"అబ్బే, కంగారులో అలా అయింది," అన్నాడు గౌరునాయుడు.

నరసమ్మ నమ్మలేదు. అతనికి సాము నేర్పిన గురువు బంగారునాయుడు అసలే నమ్మలేదు. ఆ ముసలాయన ఒకప్పుడు తొడ చరిస్తే ఆ చప్పుడుకి రెండూళ్ల అవతల కుండలు పగిలేవి. భోజనాలయ్యాక ఆయన గౌరునాయుణ్ణి పందిరి వెనక్కి పిలిచి భుజం మీద వేలు పెట్టి నొక్కాడు. వస్తాదు కెవ్వుమన్నాడు.

"ఒరే గౌరూ, రెండు నెలలు రాయి ముట్టుకోకు," అన్నాడు గురువు.

"రెండు నెలలా! కండలన్నీ కరిగి చారైపోతాయి గురువుగారూ! దసరాకి దాలిగాడు మన రాయి పట్టుకుపోతాడు."

"ఇలాగే ఎత్తుతూ పోతే వాడు పట్టుకుపోనక్కర్లేదురా, నువ్వే ఎత్తలేక ఒగ్గేస్తావు. ఎత్తేటప్పుడు కండ పెరగదు, లోపల చిరుగుతుంది. దించాక, తిని పడుకున్నాక అది మళ్లీ అల్లుకుని గట్టిపడుతుంది. నువ్వు దాన్ని ఎన్నడైనా అల్లుకోనిచ్చావా?"

గౌరునాయుడు తల ఊపాడు. లోపల మాత్రం, ముసలాయనకు వయసు మీదపడిందిలే అనుకున్నాడు.

మనుగుడుపులకు అత్తవారింటికి వెళ్లాక అతనికి అసలు కష్టాలు మొదలయ్యాయి. అత్తగారు సింహాద్రమ్మ కొత్త అల్లుణ్ణి చెంబు కూడా ఎత్తనిచ్చేది కాదు. చెయ్యి చాస్తే కంచం వచ్చేది. నోరు తెరిస్తే గారె వచ్చేది. వస్తాదు బావినుంచి చేద తోడబోతే ఇంటిల్లిపాదీ పరుగెత్తుకొచ్చి, "ఓలమ్మో, అల్లుడుగారు నీళ్లు తోడితే మేం ఊళ్లో తలెత్తుకోవద్దా!" అని చేద లాక్కునేవారు. కొన్నాళ్లకే గౌరునాయుడి అరచేతులు దురద పెట్టసాగాయి. అద్దంలో చూసుకుంటే కండలు కొవ్వొత్తిలా కారిపోతున్నట్టు కనిపించేవి. నిజానికి ఒక్క కండ కూడా తగ్గలేదు, భయం మాత్రమే పెరిగింది.

ఒక మధ్యాహ్నం ఇల్లంతా భోంచేసి కునుకు తీస్తోంది. గౌరునాయుడు పిల్లిలా పెరట్లోకి నడిచాడు. అక్కడ ఒక పెద్ద రుబ్బురోలు ఉంది. దాన్ని చూడగానే అతనికి చిన్ననాటి స్నేహితుణ్ణి చూసినంత ఆనందమైంది. నడుం వంచి, ఊపిరి బిగించి రోలు లేపాడు. మోకాళ్లు దాటింది, ఛాతీ దాటింది. భుజం దగ్గరికి రాగానే లోపల ఏదో పటుక్కుమంది. రోలు చేజారి పక్కనే ఉన్న వసారాలో పడింది. పడితే పడింది, తిన్నగా వెళ్లి కొత్తావకాయ జాడీ మీద పడింది.

ఆ చప్పుడుకి ఊరంతా లేచింది. వసారాలో ఆవకాయ ఏరులై పారింది. ఆ ఘాటుకి వీధి చివర నిద్రపోతున్న కుక్కలు కూడా తుమ్ముతూ పరుగెత్తాయి. ఆ ఎర్రటి నూనె మధ్యలో జొన్నలవలస వస్తాదు, వేలాడుతున్న కుడిచెయ్యిని ఎడంచేత్తో పట్టుకుని, తప్పుచేసిన బడిపిల్లాడిలా నిలబడ్డాడు.

సింహాద్రమ్మ జాడీ ముక్కల్ని చూసింది, అల్లుణ్ణి చూసింది. తిట్టలేదు. తిట్టినా బాగుండేదని గౌరునాయుడు ఆ తర్వాత చాలాసార్లు అనుకున్నాడు.

"బాబూ, ఆవకాయ కలిపినాక మూడో రోజుదాకా ఎందుకు కదపమో తెలుసా?" అని అడిగింది ఆవిడ.

"తెలీదత్తమ్మా."

"కదపకుండా ఉంచితేనే ముక్క ఊరుతుంది, నూనె పైకి తేలుతుంది. ఊరిందో లేదోనని గడియకోసారి మూత తీసి కెలికితే బూజు పడుతుంది. మీరు మీ భుజాన్ని కెలుకుతున్నారు."

నరసమ్మ తన పాతచీర చింపి అతని చేతికి కట్టు కట్టింది. కడుతూ నవ్వు ఆపుకోలేకపోయింది. "ఏటి మావా, పెళ్లాన్ని ఎత్తుకుని తిప్పుతావనుకున్నాను. నీ చెయ్యిని నేను మొయ్యాల్సొచ్చింది!"

గౌరునాయుడు నవ్వలేదు. దసరా కళ్లముందు కదిలింది. రామకోవెల ముందు రాయి లేని ఖాళీ జాగా కనిపించింది. జీవితంలో మొదటిసారి అతనికి నిజమైన భయం వేసింది. అప్పుడుగానీ గురువు మాట చెవికెక్కలేదు.

ఆషాఢం వచ్చింది. ఆచారం ప్రకారం నరసమ్మ పుట్టింట్లో ఉండిపోయింది, గౌరునాయుడు ఒక్కడే జొన్నలవలస చేరాడు. ఇంటినుంచి ఎటు వెళ్లాలన్నా సంగిడి ముందునుంచే దారి. అతను అటు చూడకుండా చుట్టూ తిరిగి, మోకాళ్లలోతు చెరుకుతోట బురదలో పడి వెళ్లేవాడు. తినేవాడు, పడుకునేవాడు, సాయంత్రం గట్లమీద తీరిగ్గా నడిచేవాడు. మొదట్లో కలలో కూడా రాయి ఎత్తి మంచం విరగ్గొట్టేవాడు. రానురాను నిద్ర గాఢమైంది. అతని గురకకు చూరు తాటాకులు లేచి పడేవి. భుజంలో పోటు తగ్గుతూ వచ్చింది.

సరిగ్గా అప్పుడే కొత్తరేగ దాలినాయుడికి ఈ సంగతి తెలిసింది. పదిమందిని వెంటేసుకుని, చేతిలో మోకు పట్టుకుని జొన్నలవలస వచ్చాడు. అందరూ చూస్తుండగా ఆ మోకుతో సంగిడి చుట్టుకొలత కొలిచాడు.

"ఇదేం పని దాలినాయుడూ?" అని ఊరి పెద్ద అడిగాడు.

"రాయి మా బండిలో పడుతుందో లేదో చూసుకుంటున్నాను. పండగనాడు కంగారుపడకూడదు కదా!" అన్నాడు దాలినాయుడు. అతని మనుషులు విరగబడి నవ్వారు. జనంలో గౌరునాయుడు కనబడగానే దాలినాయుడు గొంతు పెంచాడు. "ఏం బావా! ఆవకాయ జాడీతో కుస్తీపట్టి ఓడిపోయావటగా? ఏదీ, ఒక్కసారి ఈ రాయి ఎత్తి చూపించు. ఎత్తితే దసరాకి నేను ఊళ్లోకే రాను!"

జొన్నలవలస మొత్తం గౌరునాయుడి వైపు తిరిగింది. "ఎత్తు నాయుడూ!" అన్నారు కొందరు. "ఊరి పరువు కాపాడు!" అన్నారు ఇంకొందరు. గౌరునాయుడి చేతులు వాటంతటవే ముందుకు జరిగాయి. భుజంలో నొప్పి లేదు. ఎత్తగలననే అనిపించింది. కానీ గురువు చెప్పిన గడువు ఇంకా తీరలేదు. ఎత్తితే ఈ పూట నవ్వులు ఆగుతాయి, లోపల సగం అల్లుకున్న భుజం మళ్లీ చిరిగితే రాయి శాశ్వతంగా పోతుంది.

అతను చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

"ఇవాళ ఎత్తను బావా. దసరాకి రా," అన్నాడు.

"పిరికిపంద!" అన్నాడు దాలినాయుడు. కొత్తరేగవాళ్లు కేకలు వేశారు. సొంత ఊరివాళ్లు తలలు దించుకున్నారు. ఊరి పెద్ద, "ఇన్నాళ్లూ నిన్ను నెత్తిన పెట్టుకున్నందుకు ఇదా!" అని కండువా దులుపుకుని వెళ్లిపోయాడు. గౌరునాయుడు అక్కడే నిలబడ్డాడు. కొండల్ని పిడికిట్లో పట్టి ఆడించిన ఆ వస్తాదు, తన జన్మలో మోసిన బరువులన్నింటిలోకీ ఆ మాటలే బరువని తెలుసుకున్నాడు. మోశాడు. తొణకలేదు.

శ్రావణంలో నరసమ్మ కాపురానికి వచ్చింది. రాగానే అతని చేతికి దువ్వెన ఇచ్చి, "ఏదీ, తల దువ్వుకో మావా," అంది. కుడిచెయ్యి కులాసాగా నడినెత్తి దాకా వెళ్లింది. నరసమ్మ ఆనందంతో గంతేసింది. ఆ మర్నాడే గురువు వచ్చాడు. అయితే సంగిడి దగ్గరికి తీసుకెళ్లలేదు, నీళ్లబిందె చూపించాడు.

"ఇదా! దీన్ని మా ఆవిడ ఎత్తుతుంది గురువుగారూ!"

"ఆవిడకు బుద్ధుంది, ఏది ముందు ఎత్తాలో తెలుసు. నువ్వూ దీంతోనే మొదలుపెట్టు."

బిందె తర్వాత గింజల బస్తా వచ్చింది. బస్తా తర్వాత చిన్నరాయి వచ్చింది. మధ్యమధ్య గురువు, "ఇవాళ ఏమీ వద్దు, పోయి పడుకో," అనేవాడు. గౌరునాయుడు గొణక్కుండా పోయి పడుకునేవాడు. పోయిందనుకున్న బలం ఎక్కడికీ పోలేదు. ఊరు వెళ్లి వచ్చిన చుట్టంలా ఒక్కొక్క కండలోకీ తిరిగి వచ్చి, తనతోపాటు ఇంకొంత బలాన్ని కూడా వెంటపెట్టుకొచ్చింది.

దసరా వచ్చింది. రామకోవెల ముందు ఇసకేస్తే రాలనంత జనం. దాలినాయుడు గెలుపు ఖాయమనుకుని రాత్రనక పగలనక రాళ్లు ఎత్తి ఎత్తి వచ్చాడు. కళ్లు గుంటలు పడ్డాయి, మణికట్లకు గుడ్డలు చుట్టుకున్నాడు. అయినా వస్తాదు వస్తాదే. సంగిడిని తలపైకి లేపాడు. కిళ్లీ నమిలి మింగేంతసేపు నిలిపాడు. ఆ తర్వాత మోచేతులు గాలిలో జెండాల్లా వణికాయి. రాయి ధబ్బున కిందపడింది.

గౌరునాయుడు ముందుకొచ్చాడు. సొంత ఊరివాళ్లే ఊపిరి బిగబట్టారు. అతను వంగి, పిడులు పట్టి, ఒక్క ఊపులో రాయిని ఆకాశానికి చూపించాడు. చేతులు గుడి స్తంభాల్లా నిలిచాయి. కిళ్లీ నమిలేంతసేపు దాటింది. కాకి ఒకటి వచ్చి రాయి మీద వాలి, రెక్కలు సవరించుకుని, కాసేపు కునుకు తీసి మరీ ఎగిరిపోయింది. గుంపులోని ఒక ముసలమ్మ పొయ్యిమీది అన్నం గుర్తొచ్చి ఇంటికి వెళ్లి, గంజి వార్చి, మనవడికి పెట్టి తిరిగొచ్చింది. గౌరునాయుడు అలాగే నిలబడి, "అన్నం మాడలేదు కదా అవ్వా?" అని పలకరించాడు.

ఊరి పెద్ద చేతులెత్తి దండం పెట్టాక గాని అతను రాయి దించలేదు. జొన్నలవలస గొంతులన్నీ ఒక్కసారిగా లేచాయి. "మళ్లీ! ఇంకొక్కసారి నాయుడూ! మళ్లీ ఎత్తు!"

దాలినాయుడు మణికట్ల గుడ్డలు విప్పుకుంటూ దగ్గరికి వచ్చాడు. "రెండు నెలలు రాయి ముట్టనివాడివి. ఇంత బలం ఎక్కడిది బావా?"

"ముట్టకపోబట్టే," అన్నాడు గౌరునాయుడు.

జనం ఇంకా అరుస్తూనే ఉన్నారు. ఒకప్పటి గౌరునాయుడైతే ఆ అరుపులకు పొద్దుగూకేదాకా ఎత్తుతూనే ఉండేవాడు. ఇప్పుడతను భుజాన తువ్వాలు వేసుకుని, నవ్వుతూ ఒక్కమాట అన్నాడు. "ఇవాళ్టికి చాలు." నరసమ్మతో కలిసి భోజనానికి ఇంటికి వెళ్లిపోయాడు. ఆ నెలంతా మళ్లీ రాయి ముట్టలేదు.

బరువు ఎత్తడం ఒక్కటే బలం కాదు. నలుగురూ నవ్వినా సరే, దించవలసినప్పుడు దించి ఒంటికి విశ్రాంతి ఇవ్వగలవాడే అసలైన బలవంతుడు.